తీగలేని నెట్టు ఆగినప్పుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున ఏదేని యొక కావ్యమును గూర్చి ప్రసంగింపుమని కొందరు మిత్రులు నన్ను కోరిరి. కావ్యములు నాకు ప్రియములే. దినమెల్ల పద్దులు వ్రాసి అలసిన కన్నులకు భారత భాగవతములే విశ్రాంతి నొసగినవి. అవియు ఈ గ్రంథాలయపు బీరువాలలోనివే. అయినను నేడు ఆ కోరికను కొంచెము ప్రక్కనుంచి, మన పఠనమందిరములో కిటికీ ప్రక్కనున్న ల్యాప్‌టాప్‌ను గూర్చియు, దానికి వైఫై ద్వారా వచ్చు ఇంటర్నెట్టు ఆగిపోయినప్పుడు మనము చేయవలసిన పనిని గూర్చియు మాటలాడ దలచితిని. ఇది గ్రంథాలయ వేదికకు తగిన విషయమా యని ఎవరికైన సందేహము కలుగవచ్చును. తగినదే యని నా మనవి.

1935లో పాతూరి నాగభూషణంగారి పూనికచే గుంటూరు మండలమున కాలువమీద పడవ గ్రంథాలయము నడచినది. చదువరి పుస్తకము కడకు రాలేనప్పుడు పుస్తకమే చదువరి కడకు పోవలయునని ఆనాటి పెద్దల భావము. నేడు కాలువకు బదులు గాజుతీగయు, పడవకు బదులు ఆకాశ తరంగమును వచ్చినవి. మోయు సాధనము మారినది. మోయబడు సరకు విద్యయే. కాలువ పూడిన పడవ ఆగును. అప్పుడు పూడిక ఎక్కడనున్నదో కనుగొని తీయువాడు తెలివిగలవాడు. పడవను పగులగొట్టువాడు తొందరపాటువాడు. ఈ పూడిక తీయు క్రమమునే నేడు మీకు మనవి చేసికొందును.

ఒక్క దినము నెట్టు లేకున్న ఏమి కొంప మునుగును అని కొందరు అనుచుందురు. మునుగుచున్నది. పిల్లల ఉపకారవేతనపు దరఖాస్తులు, పరీక్షల హాల్ టికెట్లు, ఉద్యోగ ప్రకటనల రుసుములు, రైతుల భూమి నకళ్లు, పింఛనుదారులు ఏటేట ఇచ్చు జీవన ప్రమాణ పత్రములు, ఇవన్నియు ఇప్పుడు ఆ చిన్న తెరమీదనే జరుగుచున్నవి. గడువు దినమున రాత్రి 12 గంటలు కొట్టినంతనే ద్వారము మూయబడును. మన ఊరిలో తరంగము ఆగినదని ఆ గడియారము ఆగదు. పట్నమునకు పోయి ఆ పని చేసికొనవలెనన్న కూలివానికి ఒక దినపు కూలియు, బస్సు ఛార్జీయు పోవును. కాబట్టి నెట్టును మరల తెప్పించుకొను విద్య నేడు వినోదము కాదు, అవసరము.

మొదట దారిని తెలిసికొందము. దారి తెలియనివాడు పూడికను వెదకజాలడు. మన ల్యాప్‌టాప్‌నకు నెట్టు రెండు మజిలీలలో వచ్చుచున్నది. వెలుపలినుండి గాజుతీగలో వెలుగు రూపమున వచ్చి గోడకు బిగించిన పెట్టెను చేరుట మొదటి మజిలీ. ఆ పెట్టెనే మనము రౌటరందుము. కొన్నిచోట్ల గాజుతీగ పెట్టె వేరుగను, రౌటరు వేరుగను ఉండును. ఆ రౌటరునుండి ల్యాప్‌టాప్ వరకు తీగ లేక తరంగముగా వచ్చుట రెండవ మజిలీ. ఈ రెండవదానికే వైఫై అని పేరు. వైఫై వేరు, ఇంటర్నెట్టు వేరు. ఈ ఒక్క భేదము మనస్సున నిలిచినచో సగము పని అయినట్లే. తరంగము చక్కగా నుండి తీగ తెగియుండవచ్చును. తీగ చక్కగా నుండి తరంగము అందకుండవచ్చును.

ఈ తరంగములు క్రొత్తవి కావు. 1895లో కలకత్తాలో జగదీశ చంద్ర బోసుగారు తీగ లేకయే విద్యుత్తరంగములను గోడలకు ఆవలకు పంపి చూపిరి. వైఫైకి మూలమైన ప్రమాణము 1997లో వెలువడినది. మన పెట్టెలు సాధారణముగ 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అను రెండు శ్రేణులలో పనిచేయును. మొదటిదాని తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. రెండవది సుమారు 6 సెంటీమీటర్లు. మొదటిది దూరము పోవును, గోడలను కొంత ఓర్చుకొనును, వేగము తక్కువ. రెండవది వేగముగలది గాని గోడ దాటుటకు కష్టపడును. ఇనుము ఈ తరంగములను త్రిప్పికొట్టును; నీరు పీల్చుకొనును. ఇనుప బీరువా వెనుకనో, నీళ్ల డ్రమ్ము ప్రక్కనో రౌటరును ఉంచి నెట్టు రాలేదని వగచుట, దీపమును కుండలో బెట్టి ఇల్లు చీకటిగా నున్నదనుట వంటిది.

ఇక తప్పును వెదకు క్రమము. చిట్టాకును ఆవర్జాకును నిల్వ కుదరనప్పుడు లెక్కలు వ్రాయువాడేమి చేయును? పుస్తకమును చింపివేయడు, అంకెలను తోచినట్లు దిద్దడు. ఏ పుట వరకు కూడిక సరిపోయినదో చూచి, ఎక్కడ తప్పినదో ఆ పుటలో నిలిచి, ఒక్కొక్క పద్దునే పరిశీలించును. ఒక పద్దును దిద్దినపిమ్మట మరల కూడి చూచి గాని రెండవదాని జోలికి పోడు. ఒకేసారి నాలుగు దిద్దినచో లెక్క కుదిరినను ఏది తప్పో తెలియదు. రేపు అదే తప్పు మరల వచ్చును. నెట్టు విషయమునను ఇదే మర్యాద. ఒక మార్పు చేయుడు, ఫలితము చూడుడు, కాగితముమీద వ్రాయుడు. పిమ్మటనే రెండవది.

మన తర్కశాస్త్రమున అన్వయ వ్యతిరేకములని రెండు మాటలు కలవు. ఇది ఉన్నచో అది ఉండుట అన్వయము. ఇది లేనిచో అది లేకుండుట వ్యతిరేకము. నెట్టు ఆగినంతనే చేయవలసిన మొదటి పరీక్ష ఇదియే. ఒక సెల్‌ఫోనులో సిమ్ము డేటాను ఆపివేసి, ఆ ఫోనును గ్రంథాలయపు వైఫైకే తగిలించి చూడుడు. డేటాను ఆపుట మరువరాదు. లేనిచో ఫోను తన సొంత నెట్టుతో పనిచేసి మనలను భ్రమింపజేయును. ఫోనులోను నెట్టు రానిచో తప్పు రౌటరులోనో, దాని వెలుపలనో ఉన్నది. ల్యాప్‌టాప్‌ను ముట్టుకొనవలసిన పనిలేదు. ఫోనులో వచ్చి ల్యాప్‌టాప్‌లో రానిచో తప్పు ల్యాప్‌టాప్‌లో ఉన్నట్లు ఎంచి అక్కడ మొదలుపెట్టవలెను. రెండు నిమిషముల ఈ పరీక్ష రెండు గంటల వెదకులాటను తప్పించును.

మొదటి పక్షమును తీసికొందము. ఏ పరికరమునకును నెట్టు రాలేదు. రౌటరు దీపములను చూడుడు. దీపమే లేనిచో కరెంటు తగులుబాటును, ప్లగ్గును, అడాప్టరును పరీక్షింపుడు. చాల పెట్టెలమీద పాన్ అను దీపము పచ్చగా నిలకడగా వెలుగుట శుభసూచకము. లాస్ అను దీపము ఎర్రగా వెలిగినను మిటకరించినను గాజుతీగలో వెలుగు రాలేదని అర్థము. అప్పుడు ఇంటిలోపలి తీగ ఎక్కడనైన మడతపడినదా, బీరువా క్రింద నలిగినదా, ఎలుక కొరికినదా చూడవలెను. గాజుతీగ చుట్టుకొనవచ్చును గాని మడవరాదు. మడతలో వెలుగు కారిపోవును. తీగ కొనను ఊడదీసి కంటితో చూడనేరాదు. అందు ప్రవహించు కాంతి కంటికి కనబడదు గాని కంటికి హాని చేయగలదు.

దీపములన్నియు సరిగా నున్నను నెట్టు రానిచో, నెలచందా గడువు తీరినదేమో చూచుకొనుడు. అదియు తీరకున్నచో రౌటరు మీటను ఆపి, అర నిమిషము ఆగి, మరల వేయుడు. పెట్టెలు రెండున్నచో మొదట గాజుతీగ పెట్టెను వేసి, దాని దీపములు కుదుటపడిన తరువాత రౌటరును వేయవలెను. వేసిన వెంటనే ఆత్రపడక ఐదు నిమిషములు ఓర్చుకొనుడు. పెట్టె వెనుక సన్నని రంధ్రములో రీసెట్టు మీట యొకటి యుండును. దానిని సూదితో పొడువవద్దు. కంపెనీవారు వ్రాసిపెట్టిన అమరికలన్నియు తుడిచిపెట్టుకొనిపోయి చిన్న జబ్బు పెద్దది కాగలదు.

రెండవ పక్షము. ఫోనులో వచ్చుచున్నది, ల్యాప్‌టాప్‌లో రాలేదు. ఇందు నాలుగు అవస్థలు కలవు.

మొదటి అవస్థ, వైఫై ఆపివేయబడియుండుట. మీటలపలకమీద విమానపు బొమ్మ గల మీట యొకటి ఉండును. దుమ్ము తుడుచునప్పుడో, చిన్నపిల్లలు ఆడునప్పుడో అది నొక్కబడినచో ఎయిర్‌ప్లేన్ మోడ్ పడి తరంగములన్నియు ఆగును. తెర క్రింది కుడిమూలన గడియారము దగ్గర విమానపు బొమ్మ కనబడిన కారణమిదియే. ఆ మీటనే మరల నొక్కిన సరిపోవును. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లకు ప్రక్కన జరుపుడు మీట వేరుగ ఉండును. ఇంత చిన్న కారణమునకై యంత్రమును సంచిలో బెట్టుకొని పట్నపు మరమ్మతు దుకాణమునకు మోయువారు కలరు.

రెండవ అవస్థ, వైఫై పేర్ల పట్టికలో మన పేరు కనబడకుండుట, లేదా పాస్‌వర్డు తప్పనుట. ఇతరుల పేర్లు కనబడి మనది మాత్రము కనబడనిచో దూరమునో శ్రేణినో అనుమానింపుడు. పాత ల్యాప్‌టాప్‌లు కొన్ని 2.4 శ్రేణిని మాత్రమే ఎరుగును; రౌటరు 5 శ్రేణిలో మాత్రమే పలుకుచున్నచో వానికి వినబడదు. పాస్‌వర్డు తప్పనిచో మొదట క్యాప్స్ లాక్ దీపమును చూడుడు. మీటలపలక తెలుగు లిపిలో నున్నదేమో చూడుడు. మన గ్రంథాలయమున తెలుగు టైపు చేయువారు ఎక్కువ గావున ఇది తరచుగా జరుగును. పాస్‌వర్డు సరియైనదే యైనను తగులుకొనకున్నచో, ఆ పేరుమీద ఫర్గెట్ అనుదానిని ఎంచుకొని, పాత జ్ఞాపకమును చెరిపి, మరల క్రొత్తగా తగిలింపుడు. రౌటరు పాస్‌వర్డు మార్చినప్పుడు ల్యాప్‌టాప్ పాత తాళపుచెవినే పట్టుకొని కూర్చుండుట కలదు.

మూడవ అవస్థ కడు మాయగలది. తగులుకొన్నట్లు చూపును గాని ఏ పుటయు తెరచుకొనదు. సుందరకాండలో హనుమంతుడు రావణాంతఃపురమున నిద్రించుచున్న మండోదరిని చూచి, ఈమెయే సీతయని ఒక క్షణము సంతోషించెను. రాముని ఎడబాసిన సీత ఇట్లు నిద్రించునా, ఇట్లు అలంకరించుకొనునా యని విచారించి, కాదని నిశ్చయించుకొని మరల వెదకెను. కనెక్టెడ్ అను మాటను చూచి మురియుట మండోదరిని చూచి మురియుట వంటిదే. ఆ మాట రౌటరు వరకు దారి కలదని మాత్రమే చెప్పును. ముందు మనము తగిలినది మన వైఫైకేనా, అదే పోలిక పేరుగల పొరుగువారిదానికా యని చూచుకొనవలెను.

మనదే యైనచో చిరునామాను విచారింపుడు. రౌటరు తన్ను చేరిన ప్రతి పరికరమునకు ఒక సంఖ్యను ఇచ్చును. అది ఇంటి నంబరు వంటిది. ప్రారంభ మీట నొక్కి సీఎండీ అని కొట్టినచో నల్లని తెర యొకటి వచ్చును. అందు ఐపీకాన్‌ఫిగ్ అను మాటను ఆంగ్లాక్షరములలో ఎడము లేకుండ కొట్టినచో ఆ సంఖ్య కనబడును. అందు ఐపీవీ4 అడ్రస్ అను వరుసలో మన ఇండ్లలో సాధారణముగ 192.168తో మొదలగు సంఖ్య యుండును. 169.254తో మొదలైనచో రౌటరు నంబరు ఈయలేదనియు, ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి కల్పించుకొన్నదనియు అర్థము. అప్పుడు వైఫైని ఆపి మరల వేయుట, పిమ్మట రౌటరును ఆపి వేయుట చికిత్స.

నంబరు సరిగానున్నచో ఆ నల్లని తెరలోనే పింగ్ అని కొట్టి, ఎడమిచ్చి, డీఫాల్ట్ గేట్‌వే అను వరుసలోని సంఖ్యను కొట్టుడు. అది రౌటరు చిరునామా. పింగ్ అనగా కేక వేసి బదులు వినుట. బదులు వచ్చినచో తరంగపు దారి బాగున్నది. తరువాత 8.8.8.8 అను సంఖ్యకు కేక వేయుడు. అది గూగుల్ సంస్థవారిది. బదులు వచ్చినచో వెలుపలి దారియు బాగున్నది. అయినను పుటలు తెరచుకొననిచో నామసూచిక చెడినదని అనుమానింపవలెను. గ్రంథాలయమున పుస్తకములన్నియు బీరువాలలో నుండి పట్టిక పుస్తకము మాత్రము పోయినచో ఏ పుస్తకము ఎక్కడనున్నదో దొరకదు గదా. పేరును సంఖ్యగా మార్చు ఆ పట్టికకే డీఎన్ఎస్ అని పేరు. రౌటరును ఒకసారి ఆపి వేసినచో తరచుగా ఇది చక్కబడును. ఎవరైన వీపీఎన్ అను దొడ్డిదారిని పెట్టి మరచినను ఇట్లే జరుగును. దానిని ఆపి చూడుడు.

ల్యాప్‌టాప్ తేదీని చూచుట మరువరాదు. లోపలి గడియారపు బ్యాటరీ అరిగినచో తేదీ ఏండ్ల వెనుకకు పోవును. అప్పుడు బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయముల పుటలు ఇది నమ్మదగిన దారి కాదని హెచ్చరించి తలుపు తీయవు. నెట్టు చెడినదని మనము తలంతుము, చెడినది పంచాంగము. తేదీని దిద్దిన తలుపులు తెరచుకొనును.

నాలుగవ అవస్థ, వైఫై గుర్తే మాయమగుట. ఇందు మొదటి చికిత్స రీస్టార్టు. షట్‌డౌనుతో సరిపుచ్చుకొనరాదు. ఇప్పటి విండోస్ యంత్రములు తిరిగి త్వరగా లేచుటకై షట్‌డౌను చేసినప్పుడు తమ స్థితిని కొంత దాచుకొని పరుండును. దాచుకొన్న దోషము తెల్లవారి మరల లేచును. రీస్టార్టు చేసినచో క్రొత్తగా లేచును. అప్పటికిని గుర్తు రానిచో డివైస్ మేనేజర్ అనుదానిలో నెట్‌వర్క్ అడాప్టర్లు అను వరుసను తెరచి, వైఫై పరికరమునకు క్రింది బాణపు గుర్తు ఉన్నచో అది ఆపివేయబడినదని గ్రహించి ఎనేబుల్ చేయుడు. పసుపుపచ్చని హెచ్చరిక గుర్తు ఉన్నచో దానిని నడుపు డ్రైవరు అను లోపలి వ్రాత చెడినది. డ్రైవరు తెచ్చుటకే నెట్టు కావలెను, నెట్టు వచ్చుటకే డ్రైవరు కావలెను, చిక్కేమనిన ఇదియే. అట్టి వేళ ఫోనును యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌నకు తగిలించి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ వేసినచో ఫోను నెట్టే ల్యాప్‌టాప్‌నకు వచ్చును. దానితో ల్యాప్‌టాప్ చేసిన కంపెనీవారి పుటనుండి, మన నమూనాకు తగిన డ్రైవరును మాత్రమే దింపుకొనవలెను. దరఖాస్తు గడువు ఆనాడే యైనచో మరమ్మతును రేపటికి ఉంచి, ఈ టెథరింగ్ తోనే మొదట పని ముగింపుడు. మనిషి పని ముందు, యంత్రపు పని తరువాత.

ఇవన్నియు విఫలమైన పిమ్మటనే సెట్టింగులలోని నెట్‌వర్క్ రీసెట్టును ముట్టవలెను. అది యంత్రము గుర్తుంచుకొన్న వైఫై పేర్లను పాస్‌వర్డులను చెరిపివేయును. కావున ముందుగ వానిని పుస్తకమున వ్రాసికొనుడు. దానితోను గుర్తు రాకున్నచో లోపలి వైఫై పరికరమే చెడియుండవచ్చును. అప్పుడును యంత్రమును మార్చవలసిన పనిలేదు; యూఎస్‌బీ రంధ్రములో పెట్టు చిన్న వైఫై అడాప్టరు దొరకును, దానితో పని సాగును.

ఇక ఒక ముఖ్యమైన హెచ్చరిక. నెట్టు ఆగినప్పుడు మనస్సు కలతపడును. కలతపడినవాడు ఫోనులో వెదకి, మొదట కనబడిన కస్టమర్ కేర్ నంబరునకు ఫోను చేయును. అవతలివాడు మంచి మాటలాడి, ఒక యాప్ వేసికొనుమనును, ఓటీపీ చెప్పుమనును, పది రూపాయలు కట్టి చూడుమనును. ఆ యాప్ ద్వారా మన తెరను తాను చూచి బ్యాంకు ఖాతాను ఖాళీ చేయును. నెట్టు బాగుచేయుటకు ఓటీపీతో గాని బ్యాంకు ఖాతాతో గాని పనిలేదు. కంపెనీ నంబరు మన బిల్లుమీదనో, రసీదుమీదనో ఉండును. దానికే ఫోను చేయవలెను. ఎవరైన మోసపోయినచో సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేయిదాటును.

పెద్దలారా! ఇప్పుడు నా మనవికి వచ్చుచున్నాను. మన ఊళ్లలో ఈ పనులు తెలిసిన పిల్లవాడు ఒక్కడుండును. నెట్టు ఆగినంతనే అందరు వానిని పిలుతురు. వానికి ఉద్యోగము వచ్చి హైదరాబాదు పోయిననాడు ఊరు చీకటి పడును. వాని తెలివిని మెచ్చుకొనవలసినదే. కాని ఒక్కని తలలోనున్న విద్య గ్రంథాలయపు ఆస్తి కాజాలదు. పదకొండవ శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెనుగు చేసెను. అది సంస్కృతమున కొందరికే అందుచుండ, తెలుగున అందరికి అందినది. తెలిసినదానిని మన మాటలలో వ్రాసిపెట్టినవాడు తరతరముల అప్పు తీర్చినవాడగును.

కావున కార్యవర్గమువారికి మూడు సూచనలు. మొదటిది, ల్యాప్‌టాప్ ప్రక్కన ఒక మరమ్మతు పుస్తకము నుంచుడు. తేదీ, కనబడిన దోషము, చేసిన పని, కలిగిన ఫలితము అను నాలుగు గళ్లు చాలును. ఎవరు చేసినను అందు వ్రాయవలెను. ఆరు మాసములలో మన పెట్టె స్వభావమంతయు అందు తేటపడును. ఏ వేళ నెట్టు పోవుచున్నదో, వాననాడు పోవుచున్నదో, కరెంటు పోయి వచ్చిన తరువాత పోవుచున్నదో అంకెలే చెప్పును. కంపెనీవారితో మాటలాడునప్పుడు ఆ పుస్తకమే సాక్షి. పాస్‌వర్డులను మాత్రము అందు వ్రాయక కార్యదర్శిగారి దగ్గర వేరుగ నుంచుడు. రెండవది, నేను చెప్పిన క్రమమును పెద్ద అక్షరములలో తెలుగున వ్రాసి గోడకు తగిలింపుడు. మూడవది, ఇద్దరు యువకులకును ఇద్దరు యువతులకును ఈ పని నేర్పి, వారు ప్రతియేడు మరి ఇద్దరికి నేర్పునట్లు ఏర్పాటు చేయుడు. రౌటరును ఇనుప బీరువా వెనుకనుండి తీసి గది నడుమ ఎత్తుగా గోడకు బిగించుట కూడ ఈ ఉత్సవములోనే జరిగిపోయిన మేలు.

పుస్తకము చినిగినచో అతికించుకొనుట మన గ్రంథాలయమునకు అలవాటే. బైండు ఊడిన భాగవతమును దారముతో కుట్టి మరల బీరువాలో నిలిపిన చేతులు ఈ సభలోనే కలవు. ఆ చేతులకు ఈ విద్యయు అసాధ్యము కాదు. ఓర్పు, క్రమము, వ్రాసిపెట్టుకొను అలవాటు, ఈ మూడును ఉన్నచో తీగ కనబడని ఈ యంత్రమును మన మాట వినును.